కొండబాబు ముగ్గు

మా అత్తగారి చితి అంటుకోలేదు.

ఈ మాట రాయడానికి ఇప్పటికీ నాకు చెయ్యి రావడం లేదు, కానీ జరిగింది అదే. మా వైపు ఆడవాళ్లం శ్మశానానికి వెళ్లం. శవం వీధి దాటగానే ఇల్లు కడుక్కుని, తలస్నానాలు చేసి, మగవాళ్లు తిరిగొచ్చేదాకా గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటాం. పొద్దున వెళ్లినవాళ్లు ఎండ నడినెత్తికెక్కినా రాలేదు. వాళ్లు కాళ్లు కడుక్కోవడానికి గేటు దగ్గర పెట్టిన బకెట్టులో నీళ్లు కాగిపోయాయి. చివరికి మా ఆయన పెదనాన్నగారబ్బాయి సన్నిబాబు ఒక్కడే స్కూటర్ మీద వచ్చాడు. లోపలికి రాకుండా గేటు బయటే నిలబడ్డాడు.

"వదినా, నువ్వోపాలి రావాల," అన్నాడు. "అన్నియ్య ఏటీ మాటాడ్డం లేదు. సిన్నమ్మ... సిన్నమ్మ కాల్డం లేదు."

నాకు అర్థం కాలేదు. వానలు పడి కట్టెలు తడిశాయేమో అనుకున్నాను. నడివేసవిలో వానలేమిటని మరుక్షణం నాకే తోచింది. పాపను పక్కింటివాళ్లకు అప్పగించి స్కూటరెక్కాను. వెళ్లకూడదని వెనకాల ఎవరో అంటూనే ఉన్నారు.

గాజువాక శివార్లలో ఆ శ్మశానం. చితి చుట్టూ మగవాళ్లంతా దూరదూరంగా, ఎవరికీ ఎవరూ ఏమీ కానట్టు నిలబడి ఉన్నారు. కట్టెల చివర్లు బొగ్గయ్యాయి. ఆమెకు తగిలి ఉన్న కట్టెలు మాత్రం సగం కాలి ఆగిపోయాయి. నెయ్యి పోశారట, కర్పూరం వేశారట, ఆఖరికి సన్నిబాబు స్కూటర్లో పెట్రోలు తీసి పోశాడట. నా కళ్లెదుటే కాటికాపరి మళ్లీ ముట్టించాడు. భగ్గుమని లేచిన మంట ఆమె దాకా పాకి, ఆమె ఒంటికి జానెడు దూరంలో తల వాల్చి ఆరిపోయింది. పొగ కూడా సరిగ్గా రాలేదు. ఆమె ముఖం నిద్రపోతున్నట్టే ఉంది. నుదుట పెట్టిన రూపాయి నల్లబడింది గానీ నుదురు నల్లబడలేదు.

నేను అరిచానట. నాకు గుర్తు లేదు.

"నాను పుట్టి బుద్దెరిగాక ఇలాటిది సూళ్లేదమ్మా," అన్నాడు కాటికాపరి.

"తీరని కోరికేదో ఉండిపోనాదిరా," అని ఓ ముసలాయన. "ఎవులో సెయ్యకూడని పని సేసుంటారు," అని ఇంకొకాయన, నా వైపు ఓ చూపు పడేసి. మామూలుగా అయితే ఆ చూపుకు తగిన సమాధానం నా దగ్గర సిద్ధంగా ఉండేది. ఆ రోజు దాన్ని పట్టించుకోకుండా మా ఆయన కోసం చూశాను.

ఆయన తల్లిని చూడడం లేదు. మంటను చూస్తున్నాడు. కొరివి పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. దగ్గరికెళ్లి భుజం పట్టుకుని కుదిపాను.

"వరాలూ, ఈ ఆరడం నాకు తెలుసు," అన్నాడు. "రోజూ చూసేదే."

* * *

మా ఆయన పని మంటలు ఆర్పడం. ఫైరింజను ఉద్యోగం అనుకునేరు, కాదు. ప్లాస్టిక్ నిప్పంటుకోకుండా అందులో కలిపే పొడులు తయారుచేసే కంపెనీలో శాస్త్రవేత్త. ఆఫీసులో డాక్టర్ కొండలరావు, ఇంట్లో కొండబాబు. పెళ్లిచూపులకొచ్చి నా ముఖం చూడకుండా మా కిటికీ కర్టెను గుడ్డ ఏమిటని అడిగిన మనిషి. ఆ కర్టెనుకే జడ వేసి తీసుకుపొమ్మను, పీడా పోతుంది అని లోపల మా అమ్మతో అన్నాను. తర్వాత తెలిసింది సంగతి, తెలిశాక ఆ మాట అన్నందుకు నాలుక కరుచుకున్నాను.

ఆయనకో చెల్లెలుండేది, పైడితల్లి. డిగ్రీ చదువుతూ, సెలవులకు ప్రైవేటు బస్సులో వస్తోంది. ఎక్కడో వైరు కాలింది. సీట్ల స్పాంజీ, కర్టెన్లు, పైన అతికించిన ప్లాస్టిక్ అట్టలు, అన్నీ ఒకదాన్నొకటి అంటించుకున్నాయి. తలుపు దగ్గర కూర్చున్నవాళ్లే బయటపడలేకపోయారు. పిల్లను గుర్తుపట్టడానికి వెళ్లింది ఈయనే. తిరిగొచ్చాక, మంట కంటే ముందు సీటే చంపిందమ్మా అని తల్లితో ఒకే ఒక్క మాట అన్నాడట. ఆ తర్వాత ఆ మనిషికి వేరే లోకం లేదు.

పెళ్లయిన కొత్తల్లో ఓ సాయంత్రం పుస్తకం అట్టంత ప్లాస్టిక్ ముక్క పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. "పప్పు దించెయ్యి వరాలూ, పొయ్యి నాకు కావాలి," అన్నాడు. ముక్కను మంట మీద పెట్టాడు. మంట దాన్ని ముట్టుకుంది, మరుక్షణం శోష వచ్చినట్టు వాలిపోయింది. పొయ్యి కూడా ఆరిపోయింది. ఎన్నిసార్లు వెలిగించినా అంతే.

"మంటంటే ఒక్కటి కాదు," అన్నాడు. చేతులు ఊపుతూ, కళ్లు మెరుస్తూ. "చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడిచే గుంపు. నా పొడి రేణువు మధ్యలో దూరి ఆ చేతులు విడగొడుతుంది. మిగతా పొడులు ఒక్కసారి ఆ పని చేసి అయిపోతాయి. ఇది అయిపోదు. మళ్లీ మొదటికొచ్చి ఇంకో జతను విడగొడుతుంది. కిలో ప్లాస్టిక్‌కి చిటికెడు చాలు. అది ఎప్పటికీ చావదు."

మా అత్తగారు సింహాచలమ్మ చేటలో బియ్యం ఏరుతూ తలెత్తింది. "సావు లేందేటిరా లోకంలో?" అంది.

కంపెనీ దానికి నిరగ్ని అని పేరు పెట్టింది. ఆమె పెట్టిన పేరు వేరు. రంగు సరిగ్గా రాని పొడి, గడ్డకట్టిన పొడి సంచుల్లో పోసి పారేస్తుంటే, ఈయన ఒక సంచి ఇంటికి తెచ్చి చూపించాడు. తెల్లగా, మైదాకన్నా మెత్తగా ఉంది. ఆమె చిటికెడు తీసి వేళ్ల మధ్య రాసి చూసింది.

"ఇంత మంచి పిండి పారబోత్తారేటిరా? ముగ్గుకి నాకియ్యి."

"ముగ్గుకా?"

"ఇసం కాదు గదా?"

"విషం కాదమ్మా. ఎలుకలకి పెట్టి చూశాం. ఒక్కటీ చావలేదు."

"ఎలకలకి పెట్టినోడివి, కన్నతల్లికి పెట్టకూడదేటి?"

అందరం నవ్వాం. ఆ రోజు నుంచి మా వాకిట్లో కొండబాబు ముగ్గే. గాలికి లేవదు, వానకు చెదరదు, చీమలు ముట్టుకోవు. ధనుర్మాసంలో వీధి వీధంతా మా వాకిలి చూసి కుళ్లుకునేది. పెళ్లయిన మొదటి మూడేళ్లూ నేనూ ఆమెతో కలిసి వేశాను. తలకు నూనె రాసుకున్న చేత్తో పట్టుకుంటే ఆ పొడి వేళ్లకు అంటినట్టే ఉండేది కాదు. "మామూలు ముగ్గు సేతులు పగలగొడతాది. ఇదైతే ఒంట్లోకి ఇంకిపోతాది, సూడు," అని మురిసిపోయేది అత్తగారు. నేనూ మురిసిపోయాను. నా కొడుకు నా వేళ్లకి మెత్తదనం చేసిపెట్టాడని ఆమె వీధిలో చెప్పుకుంటే, నా మొగుడు చేసిపెట్టాడని నేను పాఠాలు చెప్పే స్కూల్లో చెప్పుకున్నాను.

నాకు నెల తప్పాక ఆమె నన్ను వంగనివ్వలేదు. ముగ్గు పూర్తిగా ఆమె చేతికి వెళ్లిపోయింది. పాప పుట్టింది, లాస్య అని పేరు పెట్టుకున్నాం. పిల్లకు దగ్గొస్తుందని ముగ్గు డబ్బా దరిదాపులకు కూడా రానిచ్చేది కాదు నాయనమ్మ. పాలు మాత్రం మూడో ఏడు దాకా మాన్పించనివ్వలేదు. "తల్లిపాలు తాగిన గుంటకి ఏ రోగమూ రాదు," అనేది. స్కూల్లో తోటి టీచర్లు వేళాకోళం చేసినా నేనూ మాన్పించలేదు. నా పిల్లకు నేనిచ్చే ఆస్తి అదేననుకున్నాను.

లాస్య ముద్ద మింగేది కాదు. కాకి ముద్ద, పిచ్చుక ముద్ద, మామ ముద్ద అని ఊరంతా తిప్పినా రెండు ముద్దలు దిగేవి కావు. ఏ పిల్ల తింటోంది ఈ కాలంలో అనుకునేదాన్ని. చేతులెప్పుడూ చల్లగా ఉండేవి. వాటిని బుగ్గలకు ఆనించుకుని, "నా సల్లని తల్లి" అని ముద్దు చేసేది నాయనమ్మ.

ఈ వేసవి మొదట్లో తుని దగ్గర ఓ రాత్రి బస్సు ఇంజను అంటుకుంది. అది మా ఆయన పొడి కలిపిన సీట్లు వేసిన బస్సు. మంట మొదటి సీటు దాకా వచ్చి ఆగిపోయింది. అందరూ చెప్పులు వేసుకుని మరీ దిగారు. ఒక పెద్దావిడ పచ్చడి జాడీ కోసం మళ్లీ ఎక్కి తెచ్చుకుందని పేపర్లో కూడా పడింది. ఆ రోజు మా ఆయన పైడితల్లి ఫోటో ముందు కూర్చుని ఏడ్చాడు. ఊళ్లో సభ పెట్టి శాలువా కప్పారు. స్కూలు బ్యాగులు, దోమతెరలు, ఉయ్యాల గుడ్డలు, అన్నింట్లోనూ ఇక నిరగ్ని కలపబోతున్నామని కంపెనీ పెద్దాయన మైకులో చెప్పాడు. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆ సభకు మా అత్తగారు స్వెట్టరు వేసుకుని వచ్చింది. మే నెలలో, విశాఖపట్నంలో! ఆకలి లేదంది. ఆ తర్వాత చలంది. డాక్టరు థర్మామీటరు పెట్టి చూసి, ఇది పాడైపోయిందని ఇంకోటి పెట్టాడు. రక్త పరీక్షలు, థైరాయిడ్ పరీక్షలు అన్నీ చేయించాం, అన్నీ బాగానే ఉన్నాయన్నారు. ఒళ్లు మాత్రం రోజురోజుకీ కుండలో నీళ్లలా చల్లబడిపోయింది. చివర్లో తనకే విచిత్రంగా తోచిందేమో, "పొయ్యిలో పిల్లి పడుకుందే, కోడలా," అని తన పొట్ట తట్టుకుని నవ్వింది. రెండు దుప్పట్ల కింద నిద్రలోనే పోయింది.

* * *

ఆమెను పూడ్చిపెట్టాం. మా వంశంలో పూడ్చడం లేదు, అయినా ఆ సాయంత్రం వేరే దారి లేకపోయింది. ఇంటికి వచ్చాక మా ఆయన అన్నం ముట్టలేదు, పడుకోలేదు. తెల్లవారాక వచ్చి, "అమ్మ జుట్టు ఎక్కడైనా ఉందా?" అని అడిగాడు.

ఎందుకుండదు? మా వీధిలోకి జుట్టు కొనేవాడు వస్తాడు. రాలిన వెంట్రుకలు దాచి ఇస్తే స్టీలు గిన్నెలిస్తాడు. అత్తగారు దువ్వెనలో చిక్కిన ప్రతి వెంట్రుకా చుట్టచుట్టి దాచేది. నల్లదానిలో తెల్లది కలిస్తే వాడు ధర తగ్గిస్తాడని తనదీ, నాదీ, పాపదీ మూడు సంచుల్లో వేసి పెరటి గోడ మేకుకు తగిలించేది. ఆ మూడు సంచులూ తెచ్చి ఆయన ముందు పెట్టాను. పాప పక్కింట్లోనే ఉంది.

ఆమె పోయిన చోట దీపం వెలుగుతోంది. ఆయన తెల్ల వెంట్రుక ఒకటి తీసి దీపం మీద పట్టాడు. వెంట్రుక సంగతి ఎవరికి తెలియదు? నిప్పు సెగ తగిలితే ముడుచుకుని, చిటపటమని కమురు కంపు కొడుతుంది. అది ముడుచుకోలేదు. దీపమే వంగిపోయి ఆరబోయింది. ఆయన గబుక్కున చెయ్యి లాక్కున్నాడు.

"ముగ్గు," అన్నాడు. "కొవ్వులో కరుగుతుంది వరాలూ. చేతుల్లోంచి ఒంట్లోకి పోయింది. అయిపోని పొడి కదా, అక్కడే ఉండిపోయింది. తిన్నది లోపల మండితేనే ఒంటికి వేడి. ఆ మంటా మంటే. దాని చేతులు కూడా విడగొట్టుకుంటూ కూర్చుంది. ఎలుకలకి మూడు నెలలు పెట్టాం. మూడు నెలల్లో ఏం తెలుస్తుంది! అమ్మ పదేళ్లు రాసుకుంది."

ఆమెతో పాటు మూడేళ్లు ముగ్గు వేసినదాన్ని నేను. నా చేతులు నాకే పరాయివిగా కనిపించాయి. లాస్యకు ఆరేళ్లు, దీనికి నేను లేకపోతే ఎవరు జడ వేస్తారన్న పిచ్చి ఆలోచన వచ్చింది ముందు.

"నాది కాల్చండి," అన్నాను.

ఆయన జంకాడు. నేనే సంచిలోంచి వెంట్రుక లాగి దీపం మీద పెట్టాను. చిటుక్కుమంది. ముడుచుకుని, వేళ్ల దాకా కాలి, కమురు కంపు ఇల్లంతా కమ్ముకుంది. నేను నవ్వాను. చావు ఇంట్లో, దీపం ముందు కూర్చుని పగలబడి నవ్వాను. ఆ కంపు అంత కమ్మగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. మా ఆయన కళ్లు తుడుచుకుని నా చెయ్యి పట్టుకున్నాడు.

మూడో సంచి వద్దులే అనుకున్నాం. ముగ్గు డబ్బా దరిదాపులకు వెళ్లని పిల్ల. అయినా మనసు ఊరుకోదు కదా. వేలెడు పొడవున్న వెంట్రుక, సన్నగా, కొస గోధుమరంగులో ఉంది. దీపం మీద పట్టాను.

కాలలేదు.

ఇంకోటి పట్టాను. దీపం వంగిపోయింది. ఇంకోటి. గుప్పెడు తీసి పట్టాను. దీపం ఆరిపోయింది.

"తప్పు సంచి ఇచ్చాను," అన్నాను. "ఇది అత్తయ్యది."

కానీ అవి నల్లటి వెంట్రుకలు. ఆయన లేచి బీరువా తెరిచి నా సవరం తీసుకొచ్చాడు. లాస్య పుట్టిన కొత్తల్లో నా జుట్టు పిడికిళ్లకొద్దీ ఊడింది. పారెయ్యనివ్వకుండా ఏరి, అత్తగారు దాంతోనే సవరం కట్టించింది, పాప అన్నప్రాసనకు నేను పెట్టుకోవాలని. అది కడుపులో పిల్ల ఉన్నప్పుడు, అంతకుముందూ నా తల మీద పెరిగిన జుట్టు.

అగ్గిపుల్ల గీసి సవరం కొసకు పెట్టాడు. పుల్ల ఆరిపోయింది.

ఆ జుట్టూ నాదే, ఈ జుట్టూ నాదే. అది కాలదు, ఇది కాలుతుంది. "నా ఒంట్లోది ఎక్కడికి పోయింది?" అని అడిగాను. అడుగుతుండగానే ఆయన ముఖం చూశాను.

"కొవ్వులో కరుగుతుందని చెప్పాను కదా," అన్నాడు, నేల చూస్తూ. "పాలల్లో ఉండేది కొవ్వే."

మూడో ఏడు దాకా ఇచ్చాను. నిద్రలో లేచి ఇచ్చాను, స్కూలు నుంచి పరుగెత్తుకొచ్చి ఇచ్చాను. నా ఒంట్లో ఉన్నది చుక్క మిగల్చకుండా నా బిడ్డ ఒంట్లో పోశాను. అందుకే నాకు ఆకలేస్తోంది, అందుకే నాకు చెమట పడుతోంది. రొమ్ము మీద చేతులు అడ్డం పెట్టుకుని, గోడకు ఆనుకున్నాను.

"పిల్ల ఒంట్లోంచి బయటికెలా వస్తుంది?" అన్నాను.

ఆయన సవరాన్ని మళ్లీ చుట్ట చుట్టాడు.

"నా ఒంట్లోంచి ఎలా వచ్చిందో అలాగేనా? పిల్ల పెరిగి పెద్దదై, దానికో పిల్ల పుట్టి..."

"అంతదాకా..." అని ఆగిపోయాడు. అంతదాకా ఒంట్లో వేడి ఉండొద్దా అన్నది ఆయన అనలేదు, నేను విన్నాను. "ఇప్పటికి నాకు తెలిసిన దారి అదొక్కటే," అన్నాడు.

ఫోను మోగింది. కంపెనీ వాళ్లు. పరామర్శకో, స్కూలు బ్యాగుల సంగతికో. ఆయన దాని వైపు చూశాడు. పెళ్లయ్యాక ఆయన్ని ఏనాడూ ఏకవచనంలో పిలవనిదాన్ని, చొక్కా పట్టుకున్నాను.

"తియ్యి. తీసి, ఆపమని చెప్పు. ఉయ్యాల గుడ్డల్లో కలపొద్దని చెప్పు. శాలువా వాళ్ల ముఖాన కొట్టు. తర్వాత ఆ ల్యాబుకి పోయి కూర్చో. లోకంలో ఎన్ని మంటలున్నా నాకక్కర్లేదు. ఆర్పింది నువ్వే. నా పిల్లది నువ్వే ముట్టించు!"

ఆయన ఫోను తీశాడు. "సార్, అమ్మను పూడ్చిపెట్టాం," అని మొదలుపెట్టాడు. ఎందుకు పూడ్చారని వాళ్లు అడిగినట్టున్నారు. చెప్పడం మొదలుపెట్టాడు.

గుమ్మంలో లాస్య నిలబడి ఉంది. పక్కింటావిడ వేసిన రెండు జడలు, చేతిలో సగం తిన్న ఇడ్లీ. ముక్కు చిట్లించింది.

"అమ్మా, ఏంటి కంపు?"

"నా వెంట్రుక కాలిందమ్మా."

"కాలిస్తే అలా వస్తుందా? నాదీ కాల్చవా, చూస్తాను." వచ్చి నా ఒళ్లో కూర్చుంది. చల్లటి చేతులు నా మెడ చుట్టూ వేసింది. ఈసారి ఆ చలి ఏమిటో నాకు తెలుసు.

దాన్ని గట్టిగా పొదువుకున్నాను. నా ఒంటి వేడంతా దానికి పోతే బాగుండనుకున్నాను. పోవలసినదేదో ముందే పోయింది.

"నీది ఇంకా తడిగా ఉంది తల్లీ," అన్నాను. "నాన్న ఆరబెడతాడు. ఆరాక కాలుద్దాం."

"ఎప్పుడు ఆరుతుంది?"

ఫోను చెవి దగ్గర పెట్టుకునే మా ఆయన మా వైపు తిరిగాడు. నేను ఆయన్నే చూస్తూ, ఇడ్లీ ముక్క తుంచి దాని నోటికి అందించాను. లాస్య తల పక్కకు తిప్పుకుంది.